ప్రేమకథ మింగేసిన చాంపియన్

పన్నెండో రౌండ్ గంట మోగింది. టోనీ జేల్ స్టూలు మీంచి లేవలేదు. అది 1948 సెప్టెంబరు 21 రాత్రి. న్యూయార్క్ నుంచి హడ్సన్ నదికి అవతల, జెర్సీ సిటీలోని రూజ్‌వెల్ట్ స్టేడియం. జేల్ ప్రపంచ మిడిల్‌వెయిట్ చాంపియన్. ఉక్కు మిల్లుల ఊరు గ్యారీ నుంచి వచ్చినవాడు కాబట్టి అమెరికన్లు ఆయన్ని ‘ఉక్కు మనిషి’ అనేవారు. పదకొండో రౌండ్ చివర తగిలిన ఎడమ హుక్‌కు ఆ ఉక్కు వంగిపోయింది. సహాయకులు చంకల్లో చేతులేసి మూలకు లాక్కెళ్ళారు. ఎదుటి మూలలో నిలబడ్డ మార్సెల్ సెర్దాన్ ఫ్రాన్స్‌కు ప్రపంచ చాంపియన్ అయిపోయాడు.

1949 జూన్ 16. డెట్రాయిట్‌లోని బ్రిగ్స్ స్టేడియం. పదో రౌండ్ గంట మోగింది. ఈసారి స్టూలు దిగనిది సెర్దాన్.

నాకౌట్ గుద్దుతో గెలవలేదు, నాకౌట్ గుద్దుతో ఓడలేదు. టైటిల్ వచ్చిందీ రౌండ్ల మధ్య విరామంలోనే, పోయిందీ విరామంలోనే. మధ్యలో తొమ్మిది నెలలు కూడా నిండలేదు. మరో నాలుగు నెలలకు ఆ మనిషే లేడు.

ఈ కథ తెలిసినవాళ్ళలో చాలామందికి తెలిసింది బాక్సర్ కథ కాదు, గాయని ఎడిత్ పియాఫ్ కథ. ‘ఇన్సెప్షన్’ సినిమాలో కలల్లోంచి మనుషుల్ని లేపడానికి వాడిన పాట గుర్తుందా? ఆ గొంతు ఆమెదే. ఆమె ప్రేమించిన మనిషి, ఆమె దగ్గరికి వస్తూ విమానం కూలి చనిపోయిన మనిషి సెర్దాన్. సినిమాలు, నవలలు, పాటల ఆల్బమ్‌ల వెనక అట్టలు అన్నీ ఇదే చెబుతాయి. విమానం దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తాయి. అలా నడిచేసరికి పదిహేనేళ్ళ రింగు జీవితం రెండు వాక్యాలకు కుదించుకుపోతుంది. ఆ రెండు వాక్యాల్లో ఏం పోయిందో చెప్పడానికే ఈ కథనం. నూటపదికి పైగా గెలుపులు, నాలుగంటే నాలుగు ఓటములు, అందులో రెండు కేవలం బెల్టు కింద కొట్టినందుకు పడ్డ అనర్హత వేట్లు. ఇలాంటి లెక్కలున్న మనిషిని ఎవరి ప్రియుడిగానో గుర్తుపెట్టుకోవడం అన్యాయం.

ఏ దేశపు ఫ్రెంచివాడు?

సెర్దాన్ పుట్టింది ఫ్రాన్స్‌లో కాదు. 1916 జులై 22న అల్జీరియాలోని సిదీ బెల్ అబ్బెస్‌లో పుట్టాడు. ఫ్రెంచి విదేశీ దళానికి అప్పట్లో అదే ప్రధాన స్థావరం. కుటుంబం మూలాలు స్పెయిన్‌వి. పిల్లవాడికి ఆరేళ్ళు వచ్చే సరికి తల్లిదండ్రులు మొరాకో చేరి కాసాబ్లాంకాలో స్థిరపడ్డారు. అక్కడ తండ్రి వృత్తి మాంసం వ్యాపారం, పిచ్చి బాక్సింగ్. కొడుకులందరి చేతులకూ గ్లవ్స్ తొడిగాడు. మార్సెల్‌కు మాత్రం మనసు ఫుట్‌బాల్ మీద ఉండేది. ఇంట్లో తండ్రి మాటే చెల్లింది.

ఆ కాలంలో ఫ్రెంచి బాక్సింగ్‌కు బాక్సర్లు పండే పొలం ఉత్తర ఆఫ్రికా. అల్జీరియా, మొరాకో, ట్యునీషియాల్లో రేవు పట్నాల వీధుల నుంచి వచ్చిన స్పానిష్, అరబ్, యూదు కుర్రాళ్ళు పారిస్ రింగుల్ని నింపేవారు. ట్యూనిస్ యూదువాడల కుర్రాడు యంగ్ పెరెజ్ 1931లో ప్రపంచ ఫ్లైవెయిట్ చాంపియన్ అయ్యాడు. తర్వాతి తరంలో బోన్ పట్నం నుంచి రోబేర్ కోహెన్, కాన్‌స్టాంటీన్ నుంచి అల్ఫోన్స్ హలీమీ బాంటమ్‌వెయిట్ బెల్టులు తెచ్చారు. గెలిస్తే ఫ్రెంచివాడు, ఓడితే ఆఫ్రికావాడు అన్న చిన్నచూపు ఎంత ఉన్నా, పత్రికల మొదటి పేజీలకు ఈ కుర్రాళ్ళే దిక్కు. సెర్దాన్‌ను ఫ్రెంచి పత్రికలు ‘మొరాకో బాంబర్’ అన్నాయి. అమెరికన్లు ఆయన్ని కాసాబ్లాంకా పేరుతోనే పిలిచారు. ఆ పేరుతో వచ్చిన సినిమా పుణ్యమా అని వాళ్ళకు ఆ ఊరు అప్పటికే తెలుసు.

1934 నవంబరులో, పద్దెనిమిదేళ్ళ వయసులో, మొరాకోలోని మెక్నెస్‌లో తొలి వృత్తిపోటీ ఆడి పాయింట్లతో గెలిచాడు. మేనేజర్ లూసియెన్ రూప్. కాసాబ్లాంకాలోనే వ్యాపారం చూసుకునే ఈయన పద్నాలుగేళ్ళ పాటు సెర్దాన్ పక్కనే ఉన్నాడు. తొలి నాలుగేళ్ళలో కుర్రాడు ఓటమి ముఖం చూడలేదు. 1938 ఫిబ్రవరిలో కాసాబ్లాంకాలోనే ఒమర్ కూయిద్రీని ఓడించి ఫ్రెంచి వెల్టర్‌వెయిట్ టైటిల్ గెలిచాడు. కూయిద్రీ కూడా అల్జీరియావాడే. అంటే ఫ్రాన్స్ జాతీయ టైటిల్ కోసం ఇద్దరు ఆఫ్రికా గడ్డ మీది బిడ్డలు ఆఫ్రికాలోనే కొట్టుకున్నారు.

1939 జనవరిలో లండన్‌లో హ్యారీ క్రాస్టర్‌తో ఆడుతూ బెల్టు కిందికి కొట్టాడని రిఫరీ అనర్హుణ్ణి చేశాడు. రికార్డులో తొలి మచ్చ అది. ఆ జూన్‌లో మిలన్ వెళ్ళి, ఇటలీ ప్రేక్షకుల మధ్య, ఇటలీవాడైన సవేరియో తురియెల్లోను పదిహేను రౌండ్లు నడిపించి యూరప్ వెల్టర్‌వెయిట్ చాంపియన్ అయ్యాడు. వయసు ఇరవై మూడుకు ఇంకా నెలన్నర తక్కువ. బాక్సర్‌కు ఇదే పంట చేతికొచ్చే వేళ. మూడు నెలలు తిరక్కుండానే యూరప్‌లో యుద్ధం మొదలైంది.

ఎలా ఆడేవాడు? ఎత్తు అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. మిడిల్‌వెయిట్‌లో అది పొడుగేమీ కాదు. అందుకని దూరం నుంచి చేతులు సాచి ఆడే రకం కాదు, ముందుకు తోసుకొచ్చే రకం. గడ్డం ఛాతీకి ఆనించి, ఎదుటివాడి మోచేతుల కిందకు దూరి, పక్కటెముకల మీద జంట హుక్‌లు వేసి, వాడు చేతులు దించగానే కుడిచేత్తో దవడకు కొట్టేవాడు. అమెరికన్ రాతగాళ్ళు మొదట్లో ఇతన్ని మొరటువాడనుకున్నారు. కాళ్ళు చూస్తే ఆ మాట అనరు. అడుగులో తొందర ఉండదు. ఎదుటివాడు తప్పుకునే దారిలోకి ఈయన పాదం ముందే చేరి ఉంటుంది. బలహీనత ఒక్కటే, చేతులు. అంత బలంగా కొట్టే పిడికిళ్ళ ఎముకలు పెళుసువి. గాయాల వల్ల వారాల తరబడి గ్లవ్స్ ముట్టని రోజులున్నాయి.

రింగు కింద నేల

ఈ జీవితంలో నన్ను బాగా ఇబ్బంది పెట్టే అధ్యాయం 1942. ఫ్రాన్స్ ఓడిపోయి రెండేళ్ళయింది. పారిస్ జర్మన్ల చేతిలో ఉంది. అయినా బాక్సింగ్ ఆగలేదు. నాటకాలు, సినిమాలు, సైకిల్ పందేలు ఆగనట్టే. మే నెలలో పారిస్‌లో గుస్తావ్ ఉమెరీ అనే పాత కాపును సెర్దాన్ ఇరవై రెండు సెకన్లలో పడగొట్టాడు. జనం కోట్లు విప్పి కూర్చునేలోపే అయిపోయింది.

సెప్టెంబరు 30న స్పెయిన్‌వాడు హోసె ఫెర్రర్‌తో యూరప్ టైటిల్ పోటీ. అదీ తొలి రౌండ్లోనే ముగిసింది. వేదిక వెలోద్రోమ్ దివేర్, అంటే శీతకాలపు సైకిల్ పందేల కోసం కట్టిన పారిస్ ఇండోర్ స్టేడియం. ఆ జులైలో, అంటే రెండున్నర నెలల ముందు, ఫ్రెంచి పోలీసులు పారిస్ చుట్టుపక్కల పదమూడు వేలకు పైగా యూదుల్ని పట్టుకున్నారు. వాళ్ళలో పిల్లాజెల్లాతో ఉన్న కుటుంబాల్ని రోజుల తరబడి కుక్కి ఉంచింది ఈ స్టేడియంలోనే. తర్వాత వాళ్ళను ఆష్విట్జ్‌కు పంపారు. ఆ గచ్చు మీదే బరి వేసి, టికెట్లు అమ్మి, యూరప్ టైటిల్ ఆడించారు.

సెర్దాన్ చేసింది తప్పా? రింగులో దిగకపోతే తిండి లేని వృత్తి అది. యూరప్ చాంపియన్‌గా ఆడనని ముఖం తిప్పుకుంటే ఏమయ్యేదో ఊహించడం కష్టమేం కాదు. అయినా మరో పక్క అదే పారిస్‌లో యంగ్ పెరెజ్ ఉన్నాడు. ఆయన్ని 1943లో పట్టుకుని ఆష్విట్జ్ పంపారు. 1945 జనవరిలో ఖైదీల్ని మంచులో నడిపించిన ఆ చావు నడకలో ప్రాణం పోయింది. ఇద్దరూ ఉత్తర ఆఫ్రికా వీధుల నుంచి ఒకే దారిన వచ్చినవాళ్ళు. ఒకరు యూదుడు, ఒకరు కాదు. సెర్దాన్ మీద నేను తీర్పు చెప్పను. ఆయన జీవితచరిత్రల్లో ఈ సంగతి ఒక్క పేరాతో దాటేయడం మాత్రం నాకు నచ్చదు.

1942 నవంబరులో అమెరికన్ సైన్యం కాసాబ్లాంకా తీరాన దిగింది. సెర్దాన్ ఇల్లు ఉన్న ఊరు ఒక్కసారిగా మిత్రరాజ్యాల శిబిరమైపోయింది. 1943 జనవరిలో మారినెట్‌ను పెళ్ళాడాడు. ముగ్గురు కొడుకులు పుట్టారు. సైన్యాల మధ్య బాక్సింగ్ పోటీలు పెట్టేవారు. 1944లో అల్జీర్స్‌లో, తర్వాత రోమ్‌లో. అక్కడ అమెరికన్ సైనిక బాక్సర్లను సెర్దాన్ నిమిషాల్లో పడగొట్టేశాడు. ఆ సైనికులు ఇంటికెళ్ళి చెప్పుకున్న కబుర్లే న్యూయార్క్‌లో ఆయనకు తొలి పోస్టర్లు.

లెక్క చూడండి. బాక్సర్ శరీరం పూర్తి పదునులో ఉండే వయసు ఇరవై మూడు నుంచి ముప్ఫై. సెర్దాన్‌కు ఆ ఏడేళ్ళూ యుద్ధం, ఆక్రమణ, శిబిరాల పోటీల్లో కరిగిపోయాయి. అమెరికా గడప తొక్కేసరికి ముప్ఫై నిండాయి. అందరూ ఆయన అకాల మరణాన్ని తలుచుకుంటారు. ఆయన మంచి వయసును 1939 సెప్టెంబరే తీసుకుపోయింది.

గార్డెన్ తలుపు

అప్పట్లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో గెలవనివాణ్ణి ప్రపంచం బాక్సర్‌గా లెక్కపెట్టేది కాదు. 1946 డిసెంబరు 6న సెర్దాన్ అక్కడ జార్జీ ఏబ్రమ్స్‌ను పాయింట్లతో ఓడించాడు. ఏబ్రమ్స్ ఆషామాషీవాడు కాదు. 1941లో జేల్‌తోనే టైటిల్ పోటీ ఆడి తొలి రౌండ్లో అతన్ని నేలకు దించినవాడు. పారిస్ తిరిగొచ్చి 1947 ఫిబ్రవరిలో యూరప్ మిడిల్‌వెయిట్ టైటిల్ కూడా ఒక్క రౌండ్లోనే పట్టేశాడు. మార్చిలో మళ్ళీ గార్డెన్‌కు వెళ్ళి హెరాల్డ్ గ్రీన్‌ను రెండో రౌండ్లో పడగొట్టాడు.

ఇంత చేసినా టైటిల్ పోటీ దొరకలేదు. జేల్, రాకీ గ్రాజియానోల మధ్య మూడు పోటీల గొడవ సాగుతోంది. జనానికి అదే కావాలి, డబ్బంతా అక్కడే ఉంది. బయటివాడు బయటే ఆగాలి. ఈలోగా షికాగోలో ఆంటన్ రాడిక్ అనే ఎస్టోనియా బాక్సర్ సెర్దాన్‌ను చివరి రౌండ్లో మూడుసార్లు నేలకు దించాడు. ముందు రౌండ్లన్నీ తనవే కాబట్టి గెలుపు దక్కింది గానీ, ముప్ఫై ఒకటో ఏట ఆ రాత్రి శరీరం ఒక హెచ్చరిక చేసింది. 1948 మేలో బ్రసెల్స్‌లో సిరిల్ దెలనోయ్ పాయింట్లతో ఓడించి యూరప్ టైటిల్ లాక్కున్నాడు. నిజంగా కొట్టి ఓడించిన తొలి మనిషి అతనే. జులైలో మళ్ళీ బ్రసెల్స్ వెళ్ళి టైటిల్ తెచ్చుకున్నాడు సెర్దాన్. అదీ పాయింట్ల మీదే, చెమటోడ్చి. పత్రికలు ఆయన పని అయిపోయిందని రాయడం మొదలుపెట్టాయి. సరిగ్గా అప్పుడే జేల్ తలుపు తెరుచుకుంది. ముప్ఫై అయిదేళ్ళ జేల్ గ్రాజియానోను మూడో పోటీలో పడగొట్టి టైటిల్ తిరిగి తెచ్చుకున్నాడు. తర్వాతి ప్రత్యర్థి కావాలి. బ్రసెల్స్‌లో తడబడ్డ ముసలి ఫ్రెంచివాడు సులభంగా కనబడ్డాడు. ఓటమి తెచ్చిపెట్టిన అవకాశం అది.

న్యూయార్క్‌కు ఉత్తరాన క్యాట్‌స్కిల్ కొండల్లోని లాక్ షెల్‌డ్రేక్‌లో శిక్షణ. తర్వాత జెర్సీ సిటీ. ఇక్కడొక మాట చెప్పాలి. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ప్రపంచ టైటిల్ కోసం ఆడేది మూడు రౌండ్లు. అమెచ్యూర్ పోటీల లెక్క అది. అప్పటి వృత్తి బాక్సింగ్‌లో టైటిల్ పోటీ పదిహేను రౌండ్లు. మూడేసి నిమిషాలు, మధ్యలో నిమిషం విరామం, కొట్టడానికి సన్నపాటి గ్లవ్స్. ఎనిమిదో రౌండ్ దాటాక అది నైపుణ్యం పరీక్ష కాదు, ఓర్పు పరీక్ష. జేల్ ప్రసిద్ధి పొందింది ఆ పరీక్షలోనే. కింద పడి లేచి, చివర్లో కడుపు మీద కుడి గుద్దుతో ముగించేవాడు. ఆ రాత్రి సెర్దాన్ ఆ గుద్దులు వేయనివ్వలేదు. ప్రతిసారీ జేల్ చేయి విసరబోయే ముందే మోచేతుల లోపలికి దూరిపోయాడు. మధ్య రౌండ్లలో జేల్ కొంత తేరుకున్నా, తొమ్మిది నుంచి వేగం ఒక్కడిదే. పదకొండులో జేల్ కాళ్ళు చచ్చుబడ్డాయి. గంట మోగుతుండగానే హుక్ తగిలింది. ‘రింగ్’ పత్రిక ఆ ఏటి మేటి పోటీగా దాన్నే ఎంచింది. జేల్ మరెప్పుడూ రింగులోకి రాలేదు.

పారిస్‌లో అప్పటికి తెల్లవారుజాము. ఇళ్ళల్లో, కాఫీ హోటళ్ళలో జనం రేడియోల చుట్టూ మూగి విన్నారు. ఈ ఆనందాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ దేశం ఎలా ఉందో గుర్తు చేసుకోవాలి. రొట్టెకు రేషన్ కార్డు. ఇంధనం కొరత. ఓడిపోయి, ఆక్రమణలో ఉండి, ఇతరుల సాయంతో బయటపడ్డ దేశం. అటువంటి దేశానికి అమెరికా వెళ్ళి అమెరికన్ చాంపియన్‌ను స్టూలు మీద కూలేసిన మనిషి దొరికాడు. సెర్దాన్ తిరిగొచ్చినప్పుడు పారిస్ వీధుల్లో జనం కిక్కిరిసి నిలబడ్డారు, రాష్ట్రపతి వాంసాఁ ఓరియోల్ ఆయన్ని భవనానికి పిలిచాడు. ఆ దేశం తనది అనుకున్న మనిషి పుట్టింది అల్జీరియాలో, పెరిగింది మొరాకోలో. ఆ వారం ఎవరికీ అది అడ్డు రాలేదు.

గెలుపు తర్వాత కొద్దికాలానికే లూసియెన్ రూప్‌తో తెగతెంపులయ్యాయి. పద్నాలుగేళ్ళు కట్టు కట్టి, నీళ్ళు పట్టి, మూలలో నిలబడ్డ మనిషి వెళ్ళిపోయాడు. పారిస్ రాత్రి జీవితం తెలిసిన జో లాంగ్‌మాన్ ఆ స్థానంలోకి వచ్చాడు. బాక్సర్లకు ప్రపంచ టైటిల్ వచ్చిన ఏడాది పాత మేనేజర్‌కు ఉద్వాసన చెప్పడం మామూలే. నా దృష్టిలో మాత్రం సెర్దాన్ తీసుకున్న నిర్ణయాల్లో అంత చెడ్డది ఇంకోటి లేదు. డెట్రాయిట్ రాత్రి తొలి రౌండ్ తర్వాత మూలలో రూప్ ఉండుంటే ఏం చేసేవాడన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు.

టైటిల్ ధర

డెట్రాయిట్‌లో ఎదురైనవాడు జేక్ లామోటా. మార్టిన్ స్కోర్సెసీ ‘రేజింగ్ బుల్’ సినిమాలో రాబర్ట్ డి నీరో పోషించిన బాక్సర్ ఈయనే. బ్రాంక్స్ కుర్రాడు. షుగర్ రే రాబిన్సన్‌ను ఓడించిన తొలి మనిషి. ఏళ్ళ తరబడి టైటిల్ పోటీకి అర్హుడై కూడా దక్కనివాడు. కారణం ఒక్కటే, న్యూయార్క్ బాక్సింగ్‌ను నడిపిస్తున్న మాఫియా మాట విననన్నాడు. చివరికి విన్నాడు. 1947 నవంబరులో బిల్లీ ఫాక్స్ అనే బాక్సర్‌కు కావాలని ఓడిపోయాడు. గార్డెన్‌లో కూర్చున్నవాళ్ళకే అనుమానం వచ్చింది. 1960లో అమెరికన్ సెనేట్ ఉపసంఘం ముందు కూర్చుని తానే ఒప్పుకున్నాడు: ఆ ఓటమికి బదులుగా దక్కిన మాట టైటిల్ పోటీ. అది చాలక ఇరవై వేల డాలర్లు కూడా ముట్టజెప్పాడు.

ఆ మాట నిలబెట్టుకున్నది సెర్దాన్ మీదే. అంటే చాంపియన్‌కు తెలియకుండానే, ఏడాదిన్నర ముందే, ఎవరో చీకటి గదిలో ఆయన టైటిల్‌కు రేటు కట్టేశారు. ఇందులో సెర్దాన్‌కు పాత్ర లేదు. లామోటా గెలిచే సత్తా లేనివాడనీ కాదు, ఆ రాత్రి కొట్టి గెలిచాడు. కానీ బాక్సింగ్ వ్యాపారం అప్పుడెలా నడిచిందో తెలియకుండా ఆ పోటీని చూడటం అమాయకత్వం.

ఆ పోటీ వాన వల్ల ఒక రోజు వాయిదా పడి జూన్ 16న జరిగింది. తొలి రౌండ్లోనే ఇద్దరూ పెనుగులాడుతుండగా లామోటా సెర్దాన్‌ను నేలకు విసిరేశాడు. గుద్దు కాదు, మల్లయుద్ధం పట్టు. పడటంలో సెర్దాన్ ఎడమ భుజం కీలు దగ్గర కండరం చిట్లింది. ఎడమ చేతి హుక్ మీదే ఆయన ఆట నిలబడింది. తర్వాతి ఎనిమిది రౌండ్లు ఒంటి చేత్తో ఆడాడు. ఎడమ చేయి పైకెత్తి రక్షణకు పెట్టుకోవడం కూడా కష్టమైపోయింది. అవతల లామోటా ఎడమ పిడికిలి వేలి గణుపు కూడా విరిగింది గానీ, ఆయన కొడుతూనే ఉన్నాడు. తొమ్మిదో రౌండ్ ముగిశాక సెర్దాన్ మూలలో వాళ్ళు చాలించారు. ఆయన లేస్తానన్నా లేవనివ్వలేదని, ఆయనే వద్దన్నాడని రెండు రకాలుగా చెబుతారు. ఏదైతేనేం, ఆ స్థితిలో ఇంకో ఆరు రౌండ్లు ఆడించడం మనుషులు చేసే పని కాదు.

తిరుగు పోటీ ఒప్పందంలోనే ఉంది. సెప్టెంబరు 28న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో అన్నారు. ఈసారి లామోటా భుజం దెబ్బని చెప్పి వాయిదా వేయించాడు. కొత్త తేదీ డిసెంబరు 2, వేదిక గార్డెన్. సెర్దాన్ మళ్ళీ శిక్షణలోకి దిగాడు.

విమానం, పాట

ఇక ఆ ప్రేమ. 1947-48 చలికాలంలో న్యూయార్క్‌లో మొదలైంది. సెర్దాన్ అక్కడ ఆడుతున్నాడు, పియాఫ్ ‘వెర్సాయ్’ క్యాబరేలో పాడుతోంది. ఇద్దరూ పరాయి ఊళ్ళో ఫ్రెంచి మాట్లాడే మనుషులు. ఆమె పారిస్ వీధుల్లో పాడి పైకొచ్చిన గాయని. అతను భార్యాబిడ్డలు ఉన్న మనిషి, ఇల్లు కాసాబ్లాంకాలోనే. ఈ సంగతి గుట్టుగా ఏం లేదు. పత్రికలు తెలిసీ చాలాకాలం పైకి రాయలేదు, రాసినా సుతిమెత్తగా రాశాయి. మారినెట్ ముగ్గురు పిల్లల్ని పెంచుకుంటూ అక్కడే ఉండిపోయింది. ఈ ప్రేమకథను రాసేవాళ్ళు ఆమెను ఎప్పుడూ ఒక్క వాక్యంలో ముగిస్తారు. నేనూ అంతకంటే ఎక్కువ రాయలేదని పాఠకులు గమనించే ఉంటారు.

1949 అక్టోబరులో పియాఫ్ మళ్ళీ ‘వెర్సాయ్’లో పాడుతోంది. సెర్దాన్ ఓడలో రావాలనుకున్నాడు. త్వరగా రమ్మని ఆమె అడిగితే విమానం ఎక్కాడు. అక్టోబరు 27 సాయంత్రం ఓర్లీ విమానాశ్రయం. అప్పటికప్పుడు సీట్లు కావాల్సి వస్తే, కొత్తగా పెళ్ళయిన ఒక జంట తమవి వదులుకుంది. ఆ విమానంలో ముప్ఫై ఏళ్ళ వయొలిన్ విద్వాంసురాలు జినెట్ నెవూ ఉంది. పదిహేనేళ్ళప్పుడే వార్సా పోటీలో డేవిడ్ ఓయిస్త్రాఖ్‌ను రెండో స్థానంలోకి నెట్టిన మహా ప్రతిభాశాలి. ఆమె పియానో సహచరుడు, సొంత అన్న జాన్ కూడా ఉన్నాడు. అమెరికా పశువుల రాంచ్‌లలో పనికి వెళ్తున్న బాస్క్ గొర్రెల కాపరులు అయిదుగురు. జో లాంగ్‌మాన్ సరేసరి. ఎక్కే ముందు నెవూ తన వయొలిన్‌ను సెర్దాన్‌కు చూపిస్తున్న ఫొటో ఉంది. బాక్సర్ పెద్ద చేతులు దాని పక్కన భయంభయంగా ఉన్నట్టు కనిపిస్తాయి.

అట్లాంటిక్ మధ్య అజోర్స్ దీవుల్లోని సాంతా మరియాలో ఇంధనం నింపుకోవాలి. దిగుతున్నామని పైలట్ చెప్పాడు. విమానం మాత్రం ఆ దీవికి ఉత్తరాన, సావో మిగెల్ దీవి కొండల్లో ఉంది. అక్టోబరు 28 తెల్లవారుజామున కొండను ఢీకొట్టింది. నలభై ఎనిమిది మందిలో ఒక్కరూ మిగల్లేదు. విమానం ఎక్కడుందో సిబ్బంది పొరబడ్డారని విచారణలో తేలింది.

ఆ రాత్రి పియాఫ్ పాడింది. ‘ఇమ్న్ ఆ లమూర్’, అంటే ప్రేమ స్తోత్రం అనే పాటను ఆమె సెర్దాన్ బతికుండగానే రాసింది, మార్గెరిత్ మోనో బాణీ కట్టింది, సెప్టెంబరులోనే అదే క్యాబరేలో పాడింది కూడా. చావు తర్వాత ఏడుస్తూ రాసిన పాట అనుకునేవాళ్ళు చాలామంది. కాదు. మరణం దాని అర్థాన్ని మార్చేసింది, అంతే. పియాఫ్ 1963లో నలభై ఏడేళ్ళకు పోయింది. సెర్దాన్ పోయాక ఆమె మారినెట్‌ను, పిల్లల్ని పారిస్ పిలిపించుకుని కొంతకాలం తనతో ఉంచుకుంది. ఇది ఏ ప్రేమకథా రచయితకైనా నమ్మలేని మలుపు అనిపించాలి, కానీ నిజమే.

కాసాబ్లాంకాలో జరిగిన అంత్యక్రియలకు జనసముద్రం కదిలింది. తర్వాత ఆ ఊళ్ళో కట్టిన పెద్ద ఫుట్‌బాల్ మైదానానికి 1955లో ఆయన పేరే పెట్టారు. మరుసటి ఏడాది మొరాకోకు స్వాతంత్ర్యం వచ్చింది, పేరు మారింది. ఇప్పుడది ఐదో మహమ్మద్ స్టేడియం. సమాధి కూడా దక్షిణ ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్‌కు చేరింది. పారిస్ పొలిమేరలోని లెవాల్వాలో ఓ క్రీడా ప్రాంగణం ఆయన పేరుతో ఉంది. కాసాబ్లాంకా బాక్సర్ చివరికి ఫ్రాన్స్‌లోనే స్థిరపడ్డాడు.

పెద్ద కొడుకు మార్సెల్‌కు తండ్రి పోయేనాటికి ఆరేళ్ళు కూడా నిండలేదు. తండ్రి పేరుతోనే బాక్సర్ అయ్యాడు. 1970లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో డొనాటో పాడువానోతో ఆడి ఓడాడు. తండ్రి ఓడని చోట కొడుకు ఓడాడు. 1983లో క్లాడ్ లెలూష్ ‘ఎడిత్ ఎ మార్సెల్’ తీసినప్పుడు తండ్రి పాత్ర పోషించింది ఈయనే. ముందు అనుకున్న నటుడు పాట్రిక్ దవేర్ షూటింగ్ సమయానికి చనిపోయాడు.

డిసెంబరు 2 పోటీ జరిగి ఉంటే ఏమయ్యేది? దీనికి జవాబు ఊహల్లో వెతకనక్కర్లేదు. ఆ తేదీకి వారం దాటాక, డిసెంబరు 9న, అదే గార్డెన్‌లో లామోటా ఒక ఫ్రెంచివాడితోనే ఆడాడు. పేరు రోబేర్ విల్‌మాఁ. పది రౌండ్లలో పాయింట్లతో విల్‌మాఁ గెలిచాడు. టైటిల్ పోటీ కాదు కాబట్టి బెల్టు లామోటా దగ్గరే ఉండిపోయింది. తొమ్మిది నెలలకు డెట్రాయిట్‌లో మరో ఫ్రెంచివాడు లోరాఁ దోత్విల్, ఈసారి టైటిల్ కోసమే, పదిహేనో రౌండ్ చివరిదాకా ముందున్నాడు. ఇంకా పదమూడు సెకన్లు ఉండగా లామోటా పడగొట్టాడు. అంటే 1949 చలికాలంలో లామోటా ఓడించదగ్గ మనిషే. భుజం మానిన సెర్దాన్ విల్‌మాఁ కంటే, దోత్విల్ కంటే మెరుగైన బాక్సర్. ఆ రాత్రి పందెం కాయమంటే నేను సెర్దాన్ మీదే కాస్తాను. ఆ తర్వాత లామోటాకు బదులు ఆయన ఎదుటకే రాబిన్సన్ వచ్చేవాడు. అప్పుడు మాత్రం డబ్బు జేబులోనే ఉంచుకుంటాను.